రేపటి నాడి

మా ఆయన జబ్బుల గురించి నవ్విన వాళ్ళందరికీ ఒక సంగతి ముందుగా చెప్పాలి. ఆయన నటించలేదు. పని ఎగ్గొట్టడానికో, పెళ్ళాం చేత సేవలు చేయించుకోవడానికో మంచమెక్కే రకం కాదు. ముప్పయ్యొక్క సంవత్సరాల ఉద్యోగంలో ఒంట్లో బాగాలేదని పెట్టిన సెలవులు ఆరు. ఆ ఆరు రోజులూ నిజంగా జ్వరమే. రొమ్ములో చురుక్కుమందని ఆయన అన్నారంటే చురుక్కుమన్నట్టే. ఆ చురుకు చావు కబురని నమ్మడం ఒక్కటే ఆయన పొరపాటు. నవ్వేవాళ్ళకు ఈ తేడా తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని వాళ్ళ నవ్వు కన్నా హీనమైనది కనుక, ఆ ఎండాకాలం బస్సుల సమ్మె నడిచిన ఏడు వారాల సంగతి నేనే చెప్పడం న్యాయం.

ఆయన పని బస్సుల డిపోలో. తెల్లవారకముందే నలభై రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి గుంట మీదికి వచ్చి ఆగుతాయి. ఆయన ఆ గుంటలోకి దిగి, బస్సును నెత్తి మీద పెట్టుకున్నట్టు నిలబడి, బ్రేకు గొట్టాలు తడిమి, చక్రాల నట్లను చిన్న సుత్తితో కొట్టి, ఆ మోత చెవిన పడ్డాక పైకి వచ్చి చీటీ మీద సంతకం పెడతారు. చీటీ చూపిస్తేగాని గేటు తెరుచుకోదు. ఏ రోజు చీటీ ఆ రోజుకే. నిన్న బాగున్న బస్సు నిన్న బాగుంది, అంతే.

ఇదే కట్టుబాటును తన ఒంటికి కూడా పెట్టుకున్నారు. డాక్టరు ఏమీ లేదన్నాడు కదా అంటే, "అది మంగళవారం మాట. ఇవాళ శుక్రవారం," అనేవారు. ఇందులో వెటకారం లేదు. పరీక్ష అనేది ఒక్క ప్రయాణానికే చెల్లుతుందని నమ్మి అన్నం తిన్న మనిషికి ఇంకోలా తోచదు.

అందుకని మా ఇంట్లో రోజూ తనిఖీ జరిగేది. పొద్దున నాలుగున్నరకు వంటింటి కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. నాలుక, కనురెప్పల లోపలి ఎరుపు, మెడకు రెండు వైపులా, కుడి భుజం వెనక పుట్టుమచ్చ, ఆఖరున గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు నాడి, అన్నీ నేను చూడాలి. ఆయన స్నానానికి వెళ్ళేవారు. వచ్చేసరికి బల్ల మీద డైరీలో ఆ రోజు పుటలో నా రాత ఉండాలి: బాగున్నారు, నాడి ఇంత, కింద నా సంతకం. చదివి, గుర్తు పట్టీ ఆ పుటలో వేసి, డైరీ మూసి డ్యూటీకి వెళ్ళేవారు. నేను బడి లైబ్రరీలో పనిచేస్తాను. రోజుకొక ఆకు చొప్పున, వెనక వైపు ఖాళీగా ఉండే డైరీలు ఏటా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. అలా పద్నాలుగు డైరీలు అటక మీద ఉన్నాయి.

సంతకం విషయంలో ఆయన ఎంత కరకుగా ఉండేవారో చెప్పడానికి ఒక్కటి చాలు. ఆయనతో పాటే ఉద్యోగంలో చేరిన ఒక మేస్త్రి ఉండేవాడు. మా ఇంట్లో భోజనం చేసిన మనిషి, మా అమ్మాయిని భుజాన మోసిన మనిషి. ఒక వానాకాలం ఉదయం అతడు గుంటలోకి దిగకుండానే పదకొండు చీటీల మీద సంతకాలు పెట్టాడు. మా ఆయనే పైవాళ్ళకు రాసిచ్చారు. మేస్త్రి ఉద్యోగం పోయింది. మేస్త్రి భార్య మా గుమ్మంలో నిలబడి ఏడిస్తే, "చూడకుండా పెట్టాడమ్మా," అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆ రోజు నేను ఆయన్ని చూసి గర్వపడ్డాను. ఆ గర్వం ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదెక్కుతుంది.

సమ్మె మొదలైంది. బస్సులన్నీ డిపోలో నిలిచిపోయాయి. నలభై రెండు బస్సుల మీద రోజూ పంచిపెట్టే అనుమానం ఒక్కసారిగా ఒక్క ఒంటి మీద పడింది. ఉదయం పెట్టిన సంతకం రాత్రి వరకు నడిచేది కాస్తా, మొదటి వారానికే మధ్యాహ్నానికి అరిగిపోయింది. రెండో వారానికి పది గంటల దాకా కూడా ఆగేది కాదు.

"ఇదిగో, లైబ్రరీ," అనేవారు. నాకు ఆయన పెట్టిన పేరది. "ఇక్కడ నొక్కి చూడు. గట్టిగా లేదూ?"

"అది ఎముకండీ."

"ఎడమ వైపు ఇంత గట్టిగా లేదు."

"ఎడమ వైపు మీరు ఇంతసేపు నొక్కలేదు."

మా అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. నోరు కాస్త పెద్దది, మనసు మంచిది. "నాన్నా, నిమిషానికోసారి లెక్కపెడుతుంటే నీ నాడికి కూడా సిగ్గేసి దడ పుడుతుంది. దాని మానాన దాన్ని కొట్టుకోనీ," అనేది. ఆయన నవ్వేవారు, నవ్వుతూనే బొటనవేలు మణికట్టు మీదికి పోయేది.

డిపో గేటు దగ్గర ఉండే ఆయన సాయంత్రం పూట సమ్మె కబుర్లు చెప్పడానికి వచ్చేవాడు. గేటాయన అనే అందరూ పిలిచేది. "అన్నా, నువ్వు పోదలుచుకుంటే పో, కాదనను. కాకపోతే ఒక రోజు ముందు చెప్పు. గేటు తియ్యాల్సింది నేనేగా," అన్నాడొకసారి. టీ గ్లాసులు పట్టుకుని అందరం నవ్వాం. ఆయన అందరి కన్నా గట్టిగా నవ్వారు. నవ్వు ఆగాక, "పక్కటెముకల కింద పట్టేసింది, చూశావా," అని నా వైపు తిరిగారు. గేటాయన గ్లాసు కింద పెట్టి నేల చూపులు చూశాడు.

మూడో వారంలో గుండె బొమ్మ తీయించారు. నాలుగో వారంలో రక్తం, మూత్రం, పొట్ట. అన్నీ శుభ్రంగా వచ్చాయి. ఆ కాగితాలు చేతికందిన గంట సేపు ఆయన ముఖం పరీక్ష పాసైన పిల్లవాడి ముఖంలా ఉండేది. రెండో గంటకు, "తీసిన రోజుకి బాగానే ఉంది," అనేవారు. బంధువులు ఫోన్లలో తీర్పులు చెప్పారు. తిన్నది అరక్క అని ఒకరు, అదృష్టవంతుడికి అన్నీ భయాలేనని ఒకరు. గోరంతను కొండంత చేయడం ఆయనకు సరదా అన్నట్టు మాట్లాడారు. కొండ కింద నలుగుతున్న మనిషిని నిలదీసి, అది గోరేనని ఒప్పించబోతే ఏం లాభం?

ఐదో వారం సోమవారం నాడు మనసుకు వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మా అమ్మాయి వయసు ఉంటుంది. స్టెతస్కోపు తియ్యలేదు. కాగితాలు తిరగెయ్యలేదు. గంటసేపు ఆయన చెప్పింది విని, చివరికి, "మీ నొప్పులు నిజమేనండి. ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు ఉంటూనే ఉంటుంది. మీకు చెవి ఎక్కువ. ఆ చెవి మీకు ఉద్యోగంలో అన్నం పెట్టింది. ఇంట్లో మిమ్మల్ని తినేస్తోంది," అంది.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మరి చప్పుడుకీ చప్పుడుకీ తేడా తెలిసేదెట్లా?" అని అడిగారు.

"అప్పటికప్పుడు తెలియాలన్న పట్టు కొంచెం కొంచెంగా వదలాలి. అది నేర్చుకోవచ్చు. గురువారం గురువారం రండి."

ఆయన్ని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది.

"అమ్మా, ఆ డైరీ ఆపాలి. మీరు పెట్టే సంతకం ఆయన భయానికి భోజనం. తిన్న గంటసేపు ఊరుకుంటుంది, మళ్ళీ ఆకలేస్తుంది. ఇద్దరూ అనుకుని, రోజు విడిచి రోజు చేసి, తరవాత మానెయ్యండి. చెప్పకుండా ఆపొద్దు. ఆయనకి మీ మీద ఉన్న నమ్మకమే ఇప్పుడు మనకున్న మందు."

"సరే," అన్నాను.

"రోజూ అంత శ్రద్ధగా చూస్తారా, మీకు విసుగనిపించదా?"

"చూస్తాను," అన్నాను.

చూడను. తొమ్మిదేళ్ళుగా చూడలేదు.

మొదలైన తీరు కూడా చెప్తాను, దాచి ప్రయోజనం లేదు. ఒక ఆదివారం చేతిలో ఒక నవల ఉంది, చివరి ముప్పై పుటలు మిగిలాయి. మర్నాడు పొద్దున ఆ కొద్దిపాటి సమయం నాకు కావాలనిపించి, సోమవారం పుటలో ముందే రాసి పెట్టాను: బాగున్నారు, నాడి డెబ్బై రెండు, సంతకం. ఆ నవల గొప్పది కూడా కాదు. ఆ మరుసటి ఆదివారం రెండు రోజులకు రాశాను. తరవాత వారం మొత్తానికి ఒకేసారి రాయడం అలవాటైంది. అంకెలు మార్చి మార్చి వేసేదాన్ని, నమ్మకంగా ఉంటుందని: డెబ్బై రెండు, డెబ్బై నాలుగు, ఒక్కోసారి అరవై ఎనిమిది. పొద్దున స్టూలు మీద ఆయన నాలుక చాపితే పొయ్యి మీద పాలు చూసేదాన్ని. మణికట్టు పట్టుకుని గడియారం చూసేదాన్ని, లెక్కపెట్టేదాన్ని కాదు. నిమిషం కాగానే చెయ్యి వదిలి, "బాగుంది," అనేదాన్ని. మెత్తగా అనేదాన్ని. ఎంత ఓపికో ఈవిడకి అని బంధువులంతా మెచ్చుకునేవారు. ఓపిక కాదది. ఆ మనిషి భయానికి విలువ లేదని నా మటుకు నేను తేల్చేసుకుని, ఆ తేల్చుకున్న సంగతి ఆయనకు చెప్పకపోవడం. దానికి మర్యాదైన మాట నాకు దొరకలేదు.

మంగళవారం మధ్యాహ్నం లైబ్రరీ పుస్తకాల లెక్క చూసుకుని ఇంటికి వచ్చాను. మా అమ్మాయి దుకాణం నుంచి ఇంకా రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు డైరీ తెరిచి ఉంది. చేతిలో పెన్ను ఉంది. గురువారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి కదా, మరిచిపోకుండా గురువారం పుటలో రాసుకుందామని తెరిచారు. పద్నాలుగేళ్ళలో గుర్తు పట్టీ దాటి ముందుకు తిప్పడం అదే మొదటిసారి. తిప్పాల్సిన అవసరం అంతకుముందు ఎన్నడూ రాలేదు. రేపు ఖాళీగా ఉంటుందని నమ్మిన మనిషి.

"లైబ్రరీ," అన్నారు. "గురువారం నా నాడి డెబ్బై నాలుగు."

నేను భుజాన ఉన్న సంచి దించలేదు.

"శుక్రవారం డెబ్బై. శనివారం కాస్త పెరుగుతుంది, డెబ్బై ఆరు. శనివారం ఏం చేస్తానంటావు? మెట్లెక్కుతానా?"

ఆయన మళ్ళీ గురువారం పుటకి తిప్పారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిదేళ్ళు."

"రోజూ రాస్తావా?"

"ఆదివారం ఆదివారం. వారానికి సరిపడా."

"మరి పొద్దున్నే చెయ్యి పట్టుకునేదానివి."

"పట్టుకునేదాన్ని."

"లెక్కపెట్టేదానివి కాదు."

"కాదు."

ఆయన డైరీ మీద చెయ్యి ఆనించారు, బస్సు కింద ఏదో వేడిగా ఉందేమో చూసినట్టు. "వీపు మీద మచ్చ ఎలా ఉంటుంది?"

జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించాను. "నల్లగా ఉంటుంది."

"ఎవరి మచ్చయినా నల్లగానే ఉంటుంది."

అరిస్తే బాగుండునని అప్పుడు అనుకున్నాను. అరిచే మనిషికి జవాబు చెప్పడం నాకు వచ్చు. ఆయన గొంతు పెంచలేదు. "మేస్త్రి పదకొండు పెట్టాడు," అన్నారు. "వాడి పెళ్ళాం ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడింది. నువ్వే మంచినీళ్ళిచ్చావు."

తప్పు చేసినవాళ్ళకు ఎదురుదాడి కన్నా దగ్గరి దారి ఉండదు. నేను కూడా ఆ దారే పట్టాను. "ఆ పదకొండు బస్సులకీ ఏమైంది?" అని అడిగాను.

"ఏమవుతుంది? వెళ్ళాయి. వచ్చాయి."

అని, ఆగిపోయారు. తన మాట తనకే వినిపించినట్టు తల కొద్దిగా పక్కకు వంచారు. సుత్తి దెబ్బ వేశాక నట్టు మోత వినేటప్పుడు అలా వంచుతారట, గేటాయన చెప్పేవాడు. తరవాత కుడిచేతి బొటనవేలిని ఎడమ మణికట్టు మీద నుంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. డైరీ మూసి, పెన్ను మూత పెట్టి, "భోజనం చేశావా?" అని అడిగారు. ఆయన నన్ను ఆ మాట అడగడం అదే ఆఖరుసారి.

బుధవారం పొద్దున స్టూలు వెయ్యలేదు. నేను నాలుగున్నరకు లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన నా పక్క నుంచే వెళ్ళి ముఖం కడుక్కున్నారు. గురువారం డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్ళారు. ఆ తరవాత రెండు గురువారాలు కూడా అంతే. భయం పోయిందని కాదు. పెరట్లో నిలబడి పిడికిళ్ళు బిగించి, పెదవులు కదుపుతూ, అంకెలు కాకుండా ఇంకేదో అనుకుంటూ దాన్ని దాటించడం నేను కిటికీలోంచి చూశాను. ఒకసారి నుదుటి నిండా చెమట. నేను గడప దాకా వెళ్ళాను. ఆయన తల అడ్డంగా ఊపారు, కోపం లేకుండా. వెనక్కి వచ్చాను.

మూడో గురువారం సాయంత్రం డాక్టరమ్మ నాకు ఫోను చేసింది.

"అమ్మా, మీకు చెప్పాలనిపించింది. ఇంత త్వరగా దారిలో పడతారని నేననుకోలేదు. పదిహేను రోజుల్లో ఎవర్నీ ఒక్కసారి కూడా చూడమని అడగలేదట. మీరు ఎంతో గట్టిగా నిలబడి ఉంటారు."

"నాదేముంది," అన్నాను.

"భలే మాట అన్నారండీ ఆయన. నన్నెవరూ చూడకుండానే బండి ఏళ్ళ తరబడి నడిచింది డాక్టరమ్మా, నాకే తెలియలేదు, అని. రోగి నోట అంత మంచి మాట నేను వినలేదు."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన ఆమెకు చెప్పలేదన్నమాట. మేస్త్రి మీద కాగితం రాసిచ్చిన మనిషి నా మీద రాసివ్వలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, ఆమె మెచ్చుకోలంతా విని ఫోను పెట్టేశాను. పక్కనే ఉన్న మా అమ్మాయి, "చూశావా అమ్మా, నాన్న బాగుపడ్డాడు," అని నన్ను కౌగిలించుకుంది. బాగుపడ్డారు. అందులో అబద్ధం లేదు.

ఆ మరునాడే సమ్మె ముగిసింది. ఏడు వారాలు కదలని బస్సులు. అద్దాల మీద వేలెడు దుమ్ము. తెల్లవారేసరికి అన్నీ రోడ్డెక్కాలని పైవాళ్ళ తొందర, గెలిచామని చూపించుకోవాలని సంఘంవాళ్ళ తొందర. జన్మలో ఒక్క మాట మీద కలవని ఇద్దరూ ఆ ఒక్క మాట మీద కలిశారు: సంతకాలు పెట్టెయ్యి, రేపు చూసుకుందాం. మర్నాడు సాయంత్రం గేటాయన వచ్చి చెప్పాడు.

"వదినా, అన్న గుంటలో దిగినవాడు మధ్యాహ్నం దాకా పైకి రాలేదు. ఇటు మేనేజరు, అటు మా లీడరు, ఇద్దరూ పైనుంచి ఒకటే అరుపులు. పైకి తల కూడా ఎత్తలా. ఒక్కో బండీ చూసే వదిలాడు. మూడు బళ్ళకి బ్రేకులు పట్టేసి ఉన్నాయి. చూడకపోతే ఏమయ్యేదో." గొంతు తగ్గించి, "మనిషి మారాడు వదినా. ఇంతకు ముందు పొద్దస్తమానం గుండె పట్టుకునేవాడా, ఇవాళ ఒక్కసారి కూడా పట్టుకోలా. నీ పుణ్యమే," అన్నాడు.

ఆయన లోపల కాళ్ళు కడుక్కుంటున్నారు. నీళ్ళ చప్పుడు ఆగలేదు.

ఆ తరవాత మా ఇల్లు చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా నడిచింది. అందరూ కోరుకున్న ఇల్లు. నాలుక చాపేవాళ్ళు లేరు, పక్కటెముకలు నొక్కించుకునేవాళ్ళు లేరు. డైరీ ఖాళీ పుటలతో బల్ల మీద ఉంది. తీసి అటక మీద పెట్టడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు. పొద్దున ఆయన చొక్కా మార్చుకునేటప్పుడు భుజం వెనక ఆ మచ్చ చూద్దామని నేను రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లు కూడా ఆయన తలుపు వైపు వీపు పెట్టుకోలేదు.

నాలుగున్నరకు మెలకువ రావడం మాత్రం నాకు పోలేదు. చెయ్యడానికి పని లేక ఆ స్టూలు మీద నేనే కూర్చునేదాన్ని. ఒక రోజు, ఎందుకో, నా వేళ్ళు నా మణికట్టు మీదికి వెళ్ళాయి. గోడ గడియారం చూస్తూ తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒక నిమిషం నిజంగా లెక్కపెట్టాను. ఎనభై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. తొంభై నాలుగు. మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టుంది. రొమ్ము లోపల ఏదో చిన్నగా, చేప పొర్లినట్టు కదిలింది.

ఆయన గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నారు.

"ఏమండీ," అన్నాను. "నాకెందుకో దడగా ఉంది. నాడి తొంభై దాటింది. కాస్త చెయ్యి చూస్తారా?"

ఆయన లేసు ముడి బిగించారు. రెండో కాలి లేసు కూడా బిగించారు. తల ఎత్తలేదు. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. మెత్తగా, ఎంతో ఓపికగా ఉంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ళు నేను వాడిన గొంతే అది.

"డెబ్బై రెండని రాసుకో," అన్నారు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.